అడగడం ఎవరు నేర్పుతారు?

2020 డిసెంబరు మొదటి వారాంతంలో ఏలూరు వన్‌టౌన్ వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. కొందరికి మూడు నుంచి ఐదు నిమిషాల పాటు ఫిట్స్. కొందరికి వాంతులు, తలనొప్పి, నడుంనొప్పి, కాసేపు ఏమీ గుర్తు లేకపోవడం. వారం తిరిగేసరికి బాధితులు ఆరు వందలు దాటారు. ఒకరు చనిపోయారు. ఎక్కువమంది త్వరగానే తేరుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకున్న దాఖలా కనపడలేదు. రక్తం, తాగునీరు, కూరగాయలు, పాలు ల్యాబులకు వెళ్ళాయి. ఢిల్లీ ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల జాడలు కనిపెట్టింది. డిసెంబరు 16న ప్రభుత్వం, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని నిపుణులు భావిస్తున్నట్టు ప్రకటించింది. జనవరిలో భీమడోలు మండలం పుల్లలో, దెందులూరు మండలం కొమిరేపల్లిలో మళ్ళీ అలాంటి కేసులే వచ్చాయి.

ల్యాబు ఫలితాలు రాకముందే తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి. మున్సిపాలిటీ నీళ్ళు తాగనివాళ్ళూ పడిపోయారన్నది వాటిలో పెద్దది. అది యంత్రం చెప్పింది కాదు. ఎవరో ఒకరు మంచం పక్కన నిలబడి "మీరు తాగే నీళ్ళు ఎక్కడివి?" అని అడిగితే తెలిసింది. ఏలూరులో అదేమంత తేలిక ప్రశ్న కాదు. కృష్ణా కాలువ, గోదావరి కాలువ రెండూ వచ్చి కలిసే ఊరది. వంటకి కుళాయి నీళ్ళు, తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను, పనిచేసే చోట బోరు, మధ్యాహ్నం టీకొట్టు దగ్గర ఇంకేవో. "మంచినీళ్ళేనండి" అన్న జవాబు రాసుకుని వెళ్ళిపోతే ఏమీ తెలుసుకోనట్టే.

ఆ రోజుల్లో వచ్చిన రోగులు ఎక్కువగా చెప్పగలిగేది "కళ్ళు తిరిగాయి" అని. గది గిర్రున తిరిగిందా, లేచి నిలబడగానే చీకట్లు కమ్మాయా, చెమటలు పట్టి నీరసం వచ్చిందా, లేక స్పృహ తప్పి కాళ్ళూచేతులూ కొట్టుకున్నాయా? మొదటిది చెవికి, రెండోది బీపీకి, మూడోది షుగరుకి, నాలుగోది మెదడుకి సంబంధించినవి కావచ్చు. ఆఖరిదాన్ని రోగి తనంతట తాను చెప్పలేడు, ఆ సమయంలో అతనికి తెలివి లేదు కాబట్టి. చూసినవాళ్ళను వెతికి అడగాలి. ఇంత చేసినవారికే ఫిట్స్‌కీ మామూలు తూలుడికీ తేడా దొరుకుతుంది. దొరికాకే ఏ పరీక్ష చేయాలి, ఏ నమూనా ఎక్కడికి పంపాలి అన్నది.

దీన్నే వైద్య కళాశాలల్లో హిస్టరీ అంటారు, కేసు తీసుకోవడం అంటారు. వైద్య, నర్సింగ్ విద్యార్థులకు దీన్ని ఎలా నేర్పుతున్నారు, ఎలా నేర్పితే వస్తుంది అన్నది ప్రపంచమంతా యాభై ఏళ్ళుగా చర్చిస్తున్న విషయం. ఏలూరు జిల్లాకు ఇప్పుడిది మరీ దగ్గరి విషయం. ఆశ్రం అని అందరూ పిలిచే అల్లూరి సీతారామరాజు వైద్య విజ్ఞాన సంస్థ పాతికేళ్ళుగా ఇక్కడ ఉంది. 2023 సెప్టెంబరు 15న ప్రారంభమైన ఐదు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఏలూరుది ఒకటి, 150 సీట్లు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో కైకలూరు వైపు కొల్లేరు లంకలు కూడా ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. అంటే ఏలూరులో చదివే పిల్లలు కేసు తీసుకోవడం నేర్చుకునేది ముఖ్యంగా ఈ సరస్సు చుట్టుపక్కల మనుషుల మీద.

నా వాదన ముందే చెప్పేస్తాను. మన దగ్గర విద్యార్థికి హిస్టరీ చెప్పడం నేర్పుతున్నారు, తీసుకోవడం నేర్పడం లేదు. ప్రొఫెసరు ముందు అతను ఏం చెప్పాడో వినేవారున్నారు. రోగి దగ్గర ఏం చేశాడో చూసేవారు లేరు.

ముందు, ఈ పనికి అంత విలువ ఉందా అన్న సందేహం తీర్చుకుందాం. స్కానింగులూ రక్తపరీక్షలూ ఇన్ని వచ్చాక మాటలతో పనేమిటి అనేవారు వైద్యుల్లోనూ ఉన్నారు. 1975లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో హాంప్టన్, అతని సహచరులు 80 మంది కొత్త ఔట్‌పేషెంట్లను తీసుకుని లెక్క చూశారు. రెఫర్ చేసిన డాక్టరు ఉత్తరం, రోగితో మాటలు, ఈ రెంటితోనే 66 మందిలో సరైన నిర్ధారణకు వచ్చేశారు. ఒళ్ళు పరీక్షించాక అభిప్రాయం మారింది ఏడుగురిలో, ల్యాబు పరీక్షల తర్వాత మారింది మరో ఏడుగురిలో. 1992లో అమెరికాలో పీటర్సన్ బృందం అదే పని మళ్ళీ చేస్తే 80లో 61 వచ్చాయి. రెండూ చిన్న లెక్కలే, అక్కడి ఔట్‌పేషెంట్లే. ఆ శాతాలను మన ఓపీలకు నేరుగా అంటగట్టడం సరికాదు. అయినా వాటి దిశ మీద పెద్ద తగాదా లేదు. మన వాగ్భటుడూ అష్టాంగహృదయంలో రోగిని తెలుసుకునే దారులు మూడని చెప్పి, చూడడం, తాకడం పక్కనే అడగడాన్నీ పెట్టాడు.

అడిగాక వినాలి కదా. అక్కడే చిక్కు. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు 74 సంభాషణలు రికార్డు చేసి వింటే, రోగి తన బాధ మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకు డాక్టరు అడ్డు తగిలాడు. 1999లో మార్వెల్ బృందం లెక్కలో అది 23 సెకన్లయింది. తమాషా ఏమిటంటే, అడ్డు తగలకుండా చెప్పనిచ్చిన రోగులు అదనంగా తీసుకున్నది సగటున ఆరు సెకన్లే. 2002లో స్విట్జర్లాండులో ఇంకో బృందం వైద్యులను నోరు మెదపకుండా కూచోమని చెప్పి గడియారం పెట్టింది. 335 మంది రోగులు వాళ్ళంతట వాళ్ళు మాట్లాడి ఆగడానికి పట్టిన సగటు కాలం 92 సెకన్లు. నూటికి 78 మంది రెండు నిమిషాల్లో ముగించారు. మన దేశంలో ఒక రోగికి డాక్టరు ఇచ్చే మొత్తం సమయమే రెండు నిమిషాల చుట్టూ ఉందని 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్ష చెప్పింది. అంటే అక్కడి రోగి చెప్పుకోవడానికి పట్టే సమయంలో ఇక్కడ చెప్పుకోవడం, పరీక్ష, చీటీ అన్నీ అయిపోవాలి.

టైము లేదన్నది నిజమే. సోమవారం ఉదయం ప్రభుత్వాసుపత్రి ఓపీ గదిలో డాక్టరు బల్ల చుట్టూ ఆరుగురు నిలబడి, ఏడోవాళ్ళు చీటీ ముందుకు తోస్తుంటే ఎవరైనా ఏం వింటారు? కానీ అదే ఆసుపత్రిలో టైము ఉన్న మనిషి ఒకడున్నాడు: విద్యార్థి. వార్డులో ఒక మంచం దగ్గర ముప్పావుగంట కూచోగలిగేది అతనొక్కడే. హౌస్‌సర్జన్ అయిన రోజు నుంచి ఆ సుఖం పోతుంది. కాబట్టి ఈ విద్య పట్టుబడేదీ, చెడిపోయేదీ ఆ మూడేళ్ళ క్లినికల్ పోస్టింగుల్లోనే.

ఆ మూడేళ్ళలో జరిగేది చూద్దాం. రెండో ఏడాది పిల్లలు బ్యాచిలుగా వార్డుకొస్తారు. చేతిలో పీజే మెహతా పుస్తకమో, సర్జరీకైతే ఎస్. దాస్ పుస్తకమో, ఇంకాస్త శ్రద్ధ ఉంటే 1897 నుంచి కొత్త కూర్పులతో వస్తున్న హచిసన్ పుస్తకమో ఉంటుంది. అందులో వరుస ఉంది: చీఫ్ కంప్లైంట్స్, ప్రెజెంట్ ఇల్‌నెస్, పాస్ట్ హిస్టరీ, ఫ్యామిలీ హిస్టరీ, పర్సనల్ హిస్టరీ. వరుస మంచిదే, ఏదీ మరిచిపోకుండా కాపాడుతుంది. కానీ పిల్లలు దాన్ని గోడకు కొట్టిన మేకుల్లా తీసుకుని రోగి మాటలను ఒక్కో మేకుకీ తగిలిస్తారు. ఏ కేసు షీటయినా తెరిచి పర్సనల్ హిస్టరీ చూడండి: మిక్స్‌డ్ డైట్, అపెటైట్ నార్మల్, స్లీప్ అడిక్వేట్, బవల్ అండ్ బ్లాడర్ రెగ్యులర్. నిద్రపట్టక మూడు నెలలుగా అరుగు మీద కూచుంటున్న ముసలాయనకీ అదే, పస్తున్నావిడకీ అదే.

తర్వాత ప్రెజెంటేషన్. యూనిట్ చీఫ్ వస్తారు, విద్యార్థి చేతులు వెనక్కి కట్టుకుని కథ ఇంగ్లీషులో చెబుతాడు. కథలో పొందిక ఉందా, అనుమానించిన జబ్బుకు తగ్గ ప్రశ్నలన్నీ వచ్చాయా అని ఆయన చూస్తారు. మంచి ప్రొఫెసరయితే రోగి వైపు తిరిగి తెలుగులో ఒక్క ప్రశ్న వేస్తారు, కథంతా కూలిపోతుంది. ఆ దెబ్బకు నేర్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ అది తప్పు పట్టుకోవడం. రోగితో ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి, సిగ్గుపడే ప్రశ్న ఏ వరుసలో అడగాలి అన్నది చూపించడం వేరు.

పరీక్షల్లో ఇది ఇంకా బాహాటం. లాంగ్ కేసు అంటే రోగిని కేటాయించి, విద్యార్థిని వదిలేసి, టైము అయ్యాక వచ్చి వినడం. మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ పట్టదు. అందుకే ప్రతి కళాశాలలోనూ పరీక్షల సీజనుకు వచ్చే పాత రోగుల గురించి కథలుంటాయి. గుండె కవాటం జబ్బున్న పెద్దాయన, వణుకుతున్న కుర్రాడి చెవిలో "మైట్రల్ స్టెనోసిస్ బాబూ, నిరుడు కూడా ఇదే చెప్పారు" అనడం లాంటివి. నవ్వొస్తుంది గానీ, అలా పాసైనవాడు పుల్లలో ఫిట్స్ వచ్చిన మనిషి ముందు కూచుంటే ఏం అడుగుతాడు?

విధానం మారలేదని అనను. 2019 బ్యాచి నుంచి వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో ఎట్‌కామ్ అనే వైఖరి, నీతి, సంభాషణల భాగం పెట్టారు, 27 మాడ్యూళ్ళతో. మొదట్లో ఫౌండేషన్ కోర్సు, అందులో స్థానిక భాష. మొదటి ఏడాది నుంచే రోగిని చూపించాలన్న నియమం. 2021-22 బ్యాచి నుంచి ఫ్యామిలీ అడాప్షన్, అంటే ఒక్కో విద్యార్థి ఊళ్ళో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని కోర్సు పొడవునా వెళ్ళి రావాలి. కాగితం మీద ఇంతకన్నా మంచి ఏర్పాటు దొరకదు. కానీ లాగ్‌బుక్‌లో సంతకాలతో ముగిసే ప్రమాదం ప్రతి మంచి ఏర్పాటుకూ ఉంటుంది. దత్తత కుటుంబం ఇంటికి పదిమంది తెల్లకోట్లతో ఒకేసారి దిగి, బీపీ చూసి, ఫొటో తీసుకుని బస్సెక్కితే అది సంభాషణ కాదు.

ఇక ఈ నేల సంగతి. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జిని చేతిపనివారి జబ్బుల మీద పుస్తకం రాస్తూ, వైద్యులు అడిగే ప్రశ్నలకు ఒకటి కలపమన్నాడు: నువ్వేం పని చేస్తావు? మన కేసు షీట్లలో ఆ గడి ఉంది. అందులో సాధారణంగా కనిపించే మాట కూలీ. కొల్లేరు చుట్టుపక్కల కూలీ అంటే ఏమిటి? చేపల చెరువు గట్టు మీద రాత్రంతా కాపలా ఉండేవాడా, మెడలోతు నీళ్ళలో వల లాగేవాడా, చెరువులో మందులు కలిపేవాడా, తవుడూ చెక్కా మోసేవాడా, ఐసు పెట్టెల్లో చేప సర్దే ఆడమనిషా? ఒక్కొక్కరి చర్మానికీ, ఊపిరితిత్తులకీ, నడుముకీ, నిద్రకీ వచ్చే బాధలు వేరు. ఏలూరులో తివాచీలు నేసినవారి దగ్గుకు ఉన్ని దుమ్ముతో సంబంధం ఉందా అని అడగాలి. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీని ఇప్పుడేం మందులు వాడుతున్నావంటే ఏమీ లేవంటాడు, నిజాయితీగానే. రోజూ మందులషాపులో కొనుక్కునే నొప్పి బిళ్ళ అతని లెక్కలో మందు కాదు, పనిముట్టు. కిడ్నీ సంగతి తేల్చాల్సిన డాక్టరుకు కావాల్సింది సరిగ్గా ఆ బిళ్ళే.

పాత పని కూడా అడగాలి. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో ప్రభుత్వం అందులోని చేపల చెరువుల గట్లు కొట్టేసింది. లంకల్లో చాలా ఇళ్ళ బతుకుతెరువు ఆ దెబ్బతో మారింది. నేడు వాచ్‌మన్ అని చెప్పే మనిషి ఇరవై ఏళ్ళ కిందట ఏం చేశాడో అడక్కపోతే హిస్టరీ సగమే.

కాలం లెక్కా అంతే. "ఎన్నాళ్ళ నుంచి?" అంటే ఇక్కడి మనిషి నెలలు చెప్పడు. దాళ్వా (రెండో పంట) నాట్లప్పుడంటాడు, సంక్రాంతి వెళ్ళాక అంటాడు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి బాగానే ఉన్నానంటాడు. ఆ జాతర ఫాల్గుణంలో అని తెలిసినవాడికి అది తేదీ. తెలియనివాడు "సుమారు ఆరు నెలలు" అని రాసుకుంటాడు. అఖిల భారత కోటాలో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లవాడికి ఇది కష్టమని జాలి చూపిస్తాం. విశాఖలోనో హైదరాబాదులోనో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పెరిగిన తెలుగు పిల్లకు కూడా దాళ్వా ఎప్పుడో తెలియదన్నది మర్చిపోతాం.

గోదావరి జిల్లాల మర్యాద ఇంకో ఉచ్చు. పెద్దవాళ్ళు అడిగినదానికి కాదనడం ఇక్కడ బాగోదు. "జ్వరం ఉందా?" అంటే "ఆయ్". "చలితో వచ్చిందా?" "ఆయ్". "సాయంత్రం పూటే వస్తుందా?" "ఆయ్ అండి". మూడు ప్రశ్నల్లో మలేరియా తయారైంది. అదే "జ్వరం సంగతి చెప్పండి బాబాయ్, మొదట్నుంచీ" అని ఊరుకుంటే వేరే కథ వస్తుంది. పాఠ్యపుస్తకాలు ముందు విశాలమైన ప్రశ్న, తర్వాతే గురిపెట్టిన ప్రశ్న అని చెప్పేది ఇందుకే. కానీ ఇక్కడ విశాలమైన ప్రశ్నకూ ఎదురుదెబ్బ ఉంది. నాడి పట్టుకుని రోగం చెప్పేవారి మీద గురి ఉన్న పెద్దవాళ్ళు చెయ్యి చాచి "మీరే చూసి చెప్పండి, అన్నీ నేనే చెబితే మీరెందుకు?" అంటారు. అప్పుడు నాడి పట్టుకుని, ఆ అరనిమిషం మౌనం తర్వాత అడగడం మొదలెట్టిన డాక్టర్లున్నారు. పుస్తకంలో లేని పద్ధతి, నా దృష్టిలో గొప్ప పద్ధతి.

సారా, క్వార్టరు సంగతులు అడిగే తీరుతో తేలతాయి. మందు అలవాటుందా అని నలుగురిలో అడిగితే లేదండి అనే వస్తుంది. "రాత్రంతా నీళ్ళలో ఉంటారు కదా, ఒళ్ళు నొప్పులకి ఏం చేస్తారు?" అంటే "ఓ క్వార్టరండి, అది లేకపోతే వల లాగలేం" అని వస్తుంది. ఆ రెండో ప్రశ్న వేయాలంటే వల లాగడమంటే ఏమిటో తెలిసుండాలి. ఆడవాళ్ళ విషయంలో గది ముఖ్యం. అత్తగారు పక్కనుంటే కోడలి జవాబులన్నీ అత్తగారే చెబుతారు. తెల్లబట్ట అవుతోందన్న మాట మగ విద్యార్థుల గుంపు ముందు రాదు. వార్డులో ఒక తెర లాగడం, అత్తగారిని "అమ్మా, ఈ చీటీ ఫార్మసీలో చూపించి రండి" అని పంపడం కూడా హిస్టరీ నేర్పడంలో భాగమే. దీన్ని ఏ మాడ్యూల్లోనూ రాయరు, సీనియర్ నర్సులకు మాత్రం వచ్చు.

నర్సుల మాట వచ్చింది కాబట్టి. ఈ చర్చలన్నీ వైద్య విద్యార్థుల చుట్టూ తిరుగుతాయి, నాకు అది అన్యాయంగా కనిపిస్తుంది. నర్సింగ్ విద్యార్థి కేర్‌ప్లాన్ కోసం రోగి దగ్గర గంటసేపు కూచుని పేజీల కొద్దీ రాస్తుంది. ఎవరు వండుతారు, ఇంట్లో మరుగుదొడ్డి ఎంత దూరం, ఎవరు తోడుంటారు అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితం ట్యూటర్ దిద్ది ఫైల్లో పెడుతుంది, డాక్టరు చదవడు. ఊళ్ళలో మొదటి ప్రశ్న అడిగేది ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, విలేజ్ క్లినిక్‌లో ఉండే మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త (ఎంఎల్‌హెచ్‌పీ). 2023 ఏప్రిల్లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో 104 బండి ఊరికి వచ్చేసరికి రోగుల జాబితా వీళ్ళ చేతుల్లోనే సిద్ధంగా ఉండాలి. కానీ వీళ్ళకు శిక్షణ అంటే చాలావరకు యాప్‌లో గడులు నింపడం. యాప్ ఉందా లేదా అని అడుగుతుంది. ఏలూరులో ఏ నీళ్ళన్న ప్రశ్నకు ఉందా లేదా అన్న జవాబు లేదు.

పరిష్కారాల విషయానికొస్తే ప్రపంచం చాలా దూరం వెళ్ళింది. 1963లో అమెరికాలో బారోస్ అనే నరాల వైద్యుడు, రోగిలా నటించే మనిషికి తర్ఫీదిచ్చి విద్యార్థుల ముందు కూచోబెట్టాడు. తోటివారు వెక్కిరించారు, తర్వాత అందరూ అదే చేశారు. 1975లో స్కాట్లాండులోని డండీలో హార్డెన్, స్టేషన్ల వారీగా తిరిగే ఓస్కీ పరీక్ష పెట్టాడు. 1990ల్లో నార్సిని బృందం మినీ-సెక్స్ పద్ధతి తెచ్చింది. అసలు రోగితో విద్యార్థి మాట్లాడుతుంటే గురువు పది పదిహేను నిమిషాలు పక్కన ఉండి చూసి, వెంటనే మంచీచెడూ చెప్పడం. నటించే రోగులను మన దేశంలో వేరే పనికి వాడారు. జిష్ణు దాస్ బృందం మధ్యప్రదేశ్ గ్రామాల్లోకీ ఢిల్లీలోకీ వాళ్ళను పంపి, వైద్యం చేసేవారు నిజానికి ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నారో కొలిచింది. అడగాల్సిన వాటిలో చాలా భాగం ఎవరూ అడగడం లేదని 2012లో తేల్చింది, డిగ్రీ ఉన్నవారూ లేనివారూ కూడా.

నటించే రోగి ఖరీదని మన కళాశాలలు అంటాయి. నాటక పరిషత్తులకు పేరుపడ్డ గోదావరి జిల్లాల్లో ఆ మాట నమ్మడం కష్టం. రిటైరైన మాస్టార్లు, పరిషత్తు నాటకాల్లో చిన్న వేషాలు వేసేవారు, నెలకు రెండు పూటలు వచ్చి చెరువు కాపలాదారులా, అబద్ధం చెప్పే తాగుబోతులా, నోరు విప్పని కోడలిలా కూచోగలరు. పైగా ఇక్కడి యాసలో, ఇక్కడి మర్యాదతో. అసలు రోగిని అయిదుగురు విద్యార్థులు అయిదుసార్లు అదే అడిగి విసిగించడమూ తగ్గుతుంది. ఆ విసుగును రోగి భరించాల్సిన రూలేమీ లేదు, వద్దనే హక్కు అతనికుందని చెప్పేవారే తక్కువ.

నా ఓటు మాత్రం మినీ-సెక్స్‌కే, అది పైసా ఖర్చు లేనిది. నిబంధనల్లో దాని పేరుంది, కళాశాలల్లో అక్కడక్కడా చేస్తున్నారు కూడా. ఫైనల్ పరీక్షలోకి తెస్తే తప్ప ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, ఎందుకంటే మన పిల్లలు మార్కులున్నదే చదువుతారు, అందులో వాళ్ళ తప్పేం లేదు. అడ్డంకిగా చెప్పేది ఎగ్జామినర్ల కొరత. లెక్క వేద్దాం. 150 మంది విద్యార్థులు, ఒక్కొక్కరిని రోగి దగ్గర పది నిమిషాలు చూడాలి. మొత్తం 25 గంటలు. నలుగురు ఎగ్జామినర్లు పంచుకుంటే ఒక్కొక్కరికి ఆరు గంటల పైచిలుకు, అదీ కొన్ని రోజుల మీద. లాంగ్ కేసు ప్రెజెంటేషన్ వినడానికి ఇప్పుడు పెడుతున్న సమయంలోంచి దీన్ని కోయవచ్చు. 2023లో ఏలూరు ప్రభుత్వ కళాశాలలో చేరిన తొలి 150 మంది నాలుగున్నరేళ్ళ లెక్కన 2028లో ఫైనల్‌కు కూచుంటారు. పరీక్ష పద్ధతి మార్చే అధికారం విశ్వవిద్యాలయానిది. ఆ ఫైనల్ కన్నా ముందు వార్డులో జరిగే ఇంటర్నల్ పరీక్షలకు మాత్రం కళాశాల ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కర్లేదు.